ఇంటింటి ఆరోగ్యము: ముఖానికి రాపిడి వైద్యము ఎంతవరకు?

పెళ్ళిళ్ళ రోజులు దగ్గర పడగానే ఆర్.కె.పేట, పళ్ళిపట్టు, పొదటూరుపేట వైపు మన ఇళ్ళలో ఒక ప్రశ్న తప్పకుండా పుడుతుంది. “పట్నంలో మెషీను పెట్టి ముఖము నున్నగా చేస్తారట గదా, మన పిల్లకు చేయిస్తే మొటిమల మచ్చలు పోతాయా?” అని తల్లి అడుగుతుంది. “మా కాలములో నలుగు పెట్టుకునేవాళ్ళము. ఈ మెషీన్లు ఎందుకే?” అని అవ్వ అంటుంది. తల్లి ఆశలోను, అవ్వ మాటలోను కొంత కొంత నిజమున్నది. ఆ నిజమెంతో, దాని హద్దు ఎక్కడో ఈ నెల చెప్పుకుందాము. పెళ్ళికూతుళ్ళకే కాదు, పెళ్ళికొడుకులకు, ఎండలో పొలము పనికి పోయే పెద్దలకు కూడా ఇది పనికివచ్చే విషయమే.

పేరు, పుట్టుక

ఈ వైద్యము పేరు మైక్రోడెర్మాబ్రేషన్. ‘డెర్మా’ అంటే గ్రీకు భాషలో చర్మము, ‘అబ్రేషన్’ అంటే రాపిడి. మైక్రో అన్నారు కాబట్టి మిక్కిలి సన్నని రాపిడి అన్నమాట. దీనికి ఒక అక్క ఉన్నది. దాని పేరు డెర్మాబ్రేషన్. 1905లో జర్మనీలో క్రోమాయర్ అనే వైద్యుడు తిరిగే పనిముట్లతో చర్మమును అరగదీసే పద్ధతి ప్రకటించాడు. 1953లో అమెరికాలో కర్టిన్ అనే వైద్యుడు తిరిగే తీగెబ్రష్షుతో ఆ పనిని ప్రచారములోకి తెచ్చాడు. అది చిన్న పని కాదు. మత్తు ఇవ్వవలె, నెత్తురు వచ్చేదాకా అరగదీయవలె, పుండు మానేదాకా రోజులతరబడి కట్టు మార్చవలె. మనవంటి చామనఛాయ చర్మము మీద చేస్తే మానినచోట నల్లగానో తెల్లగానో మరకలు మిగిలే భయమెక్కువ. మన పెద్దల ముఖాల మీద స్ఫోటకపు గుంటలు చూచినవారికి ఆ రోజుల్లో ఇంత కష్టానికి ఎందుకు ఒప్పుకునేవారో అర్థమవుతుంది. ఆ స్ఫోటకము 1975తో మన దేశము విడిచిపోయింది.

1985లో ఇటలీలో దీని చెల్లెలు పుట్టింది. అదే మైక్రోడెర్మాబ్రేషన్. ఇందులో మత్తు లేదు, నెత్తురు రాకూడదు, కట్టు లేదు. అక్కకు ఉన్న శక్తీ లేదు, అక్క తెచ్చే ప్రమాదమూ అంత లేదు. ఈ తేడా మరచి, చెల్లెలి ధరకు అక్క చేసే పని ఆశించడమువల్లనే నిరాశలు కలుగుతున్నవి.

లోపల జరిగేదేమిటి?

మన చర్మపు పైపొరలో అన్నిటికన్న బయట ఉండేవి చచ్చిన కణాలు. పెంకుల ఇంటి పెంకులవలె అవి ఒకదానిమీద ఒకటి పరచుకొని ఉంటవి. అడుగున కొత్త కణాలు పుట్టి, పైకి వచ్చి, ఎండి, రాలిపోవడానికి వయసులో ఉన్నవారికి సుమారు నాలుగు వారాలు, పెద్దవారికి అంతకన్న ఎక్కువ పడుతుంది. ఎండ, దుమ్ము, వయసు వీటివల్ల ఈ రాలడము సరిగా జరగకపోతే ముఖము గరుకుగా, కాంతి లేకుండా కనిపిస్తుంది.

మెషీను చేసే పని ఆ పైపెంకులలో కొన్నిటిని తీసివేయడము. ఒక రకములో అల్యూమినియం ఆక్సైడ్ అనే సన్నని పలుకులను గాలితో చర్మము మీదికి చిమ్మి, రాలిన పొట్టుతోసహా వెంటనే పీల్చివేస్తారు. రెండవ రకములో పలుకులు లేవు. వజ్రపు పొడి అంటించిన చిన్న మొనను ముఖము మీద నడుపుతూ పొట్టును పీల్చివేస్తారు. ముఖమంతటికీ సుమారు అర్ధగంట పడుతుంది. పిల్లి నాలుకతో నాకినట్టు గరగరలాడుతుంది, కొంచెము లాగినట్టు ఉంటుంది. తరువాత కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు రోజులు ఎరుపు ఉంటుంది.

చూడగా, అవ్వ చెప్పిన నలుగు పద్ధతీ ఇదే. పెసరపిండి తడిసీ తడవకుండా రుద్దితే రాలేది ఆ చచ్చిన పొట్టే. తమిళ అంగళ్ళలో ‘నలంగు మావు’ అని అమ్మేదీ అదే. మెషీను అదే పనిని ముఖమంతా ఒకే తీరుగా, కొంచెము లోతుగా చేస్తుంది. అంతేగాని మాయ లేదు.

“పొట్టు రాలితే లోపలి గుంటలు పూడుతాయా?” అని అడగవచ్చును. అమెరికాలో మిచిగాన్ విశ్వవిద్యాలయపు వైద్యులు దీనిని పరీక్షించి 2009లో ప్రకటించారు. గరుకు వజ్రపుమొనతో గట్టిగా చేసినప్పుడు చర్మములో కొల్లాజెన్ అనే బలమిచ్చే పదార్థము పుట్టే సూచనలు కనిపించినవి. అంతకన్న నున్నని మొనతో చేసినప్పుడు అవి కనిపించలేదు. ఆ పరీక్ష ఎండకు ముదిరిన చర్మము మీద జరిగింది. మన రంగు చర్మము మీద అంత గట్టిగా చేస్తే మరక పడే భయమున్నది గనుక, తేలికగా చేయడమే వాడుక. ఫలము కూడా తేలికగానే ఉంటుంది.

ఏవి మెరుగుపడతవి?

మొదటిది, గరుకు, కళ తప్పిన చర్మము. ఎండాకాలములో తిరుత్తణి ఎండ నలభై డిగ్రీలు దాటడము మనకు కొత్త కాదు. ఆ ఎండలో చెరకు, వేరుశనగ పొలాల్లో తిరిగే వారి ముఖము, చేతులు మొద్దుబారుతవి. అటువంటి చర్మము మెత్తబడడములో దీనికి మంచి పేరున్నది.

రెండవది, ముక్కు మీద, గడ్డము మీద ఉండే నల్లముళ్ళు, తెల్లముళ్ళు. రంధ్రము నోట అడ్డుపడిన పొట్టు, జిడ్డు కొంత తీసివేయబడుతుంది. రంధ్రాలు చిన్నవైనట్టు కనిపించడమూ అందువల్లనే. నిజానికి అవి చిన్నవి కావు.

మూడవది, మొటిమలు మానిన తరువాత మిగిలే లోతులేని మచ్చలు, ఎగుడుదిగుళ్ళు. చేతితో తడిమితే తెలిసీ తెలియనట్టుండే గుంటలు కొంత సర్దుకుంటవి.

నాలుగవది, కంటి కొసలలో, నోటి పక్కన పడే సన్నని గీతలు. లోతు ముడతలకు ఇది చాలదు.

ఐదవది, ఎండవల్ల పైపైన పడిన లేత మరకలు.

వీటిలో ఏదైనా ఒక్కసారితో తీరేది కాదు. వారము రెండు వారాల ఎడముతో ఐదారుసార్లు, కొందరికి అంతకన్న ఎక్కువసార్లు చేస్తారు. ఆ మెరుగు నిలువ ఉండేదీ కాదు. పొట్టు మరల పేరుకుంటుంది, ఎండ మరల తగులుతుంది. కనుక డబ్బు లెక్క వేసేటప్పుడు ఒకసారి ధర కాక మొత్తము లెక్క వేసుకోవలె.

వేటికి పనికిరాదు?

ఇక్కడ మన పాఠకులు కొంచెము నిదానించి చదువవలెనని మా కోరిక.

బుగ్గల మీద, నుదుట సీతాకోకచిలుక రెక్కలవలె పడే గోధుమ మరకను మనము మంగు అంటాము. తమిళులూ అదే మాట అంటారు. రంగు పుట్టించే కణాలు పైపొర అడుగున ఉంటవి. మంగులో ఆ రంగు ఇంకా లోపలికి కూడా దిగి ఉండవచ్చును. పై పొట్టు రాస్తే అది పోదు. రాపిడి ఎక్కువైతే మరింత నల్లబడవచ్చును. మంగుకు ఎండనుంచి కాపు, వైద్యుడిచ్చే మందు ముఖ్యము.

బొల్లి మచ్చలున్నవారు దీని జోలికి పోరాదు. రాపిడి తగిలినచోట కొత్త మచ్చ పుట్టే గుణము ఆ జబ్బుకున్నది. సోరియాసిస్‌కూ అదే గుణము. బొట్టుబిళ్ళ అంటించేచోట తెల్లబడిన వారుంటారు. ఆ జిగురులోని ఒక రసాయనము కొందరికి పడక రంగును పోగొడుతుంది. అక్కడ చేయవలసినది బిళ్ళ మానడము, వైద్యునికి చూపడము, రాపిడి కాదు.

తామర, చీముతో ఉన్న మొటిమలు, పెదవి అంచున లేచే నీటిపొక్కులు, చిన్న చిన్న చదును పులిపిర్లు, వీటి మీద మెషీను నడిపితే ఒకచోటిది ముఖమంతా పాకుతుంది. గాయము మానినచోట గడ్డవలె ఉబ్బే తత్త్వమున్నవారు ముందుగానే చెప్పవలె. నెత్తురు పలుచబడే మాత్రలు వేసుకునేవారు, చక్కెర జబ్బు అదుపులో లేనివారు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవారు ఆ సంగతి వైద్యునికి దాచరాదు.

అమ్మవారు పోసి దిగిన లోతైన గుంటలకు, సూదితో పొడిచినట్టుండే మొటిమ గుంటలకు ఈ చెల్లెలు చాలదు. వాటికి వేరు పద్ధతులున్నవి. అవి చర్మవైద్యుడే నిర్ణయించవలె. పుట్టుమచ్చ ఏదైనా పెరుగుతున్నా, రంగు మారుతున్నా, నెత్తురు కారుతున్నా అందము మాట పక్కన పెట్టి వెంటనే చూపించవలె.

అసలు ప్రమాదము ట్యూబులో ఉన్నది

ఇంతవరకు చెప్పినది మెషీను సంగతి. మా భయము మాత్రము మెషీనుకన్న ముందు ఇంట్లో జరిగేదాని గురించి.

సంబంధము కుదిరిన ఇంట్లో, పక్కింటివారు చెప్పినారనో, మందుల షాపువారు ఇచ్చినారనో పిల్ల ముఖానికి ఒక ట్యూబు వస్తుంది. రాసిన వారములోనే ముఖము తెల్లబడి మెరుస్తుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. రెండు మూడు నెలలకు ఎండలోకి వెళ్ళితే మంట మొదలవుతుంది. మందు ఆపితే ముఖము ఎర్రబడి, పొక్కులు లేస్తవి. భయపడి మరల రాస్తారు, తగ్గుతుంది. ఆ తగ్గడమే ఉచ్చు. క్రమముగా చర్మము ఉల్లిపొరవలె పలుచబడి, ఎర్రని నరాలు కనిపిస్తవి, మీసము చోట నూగు పెరుగుతుంది. ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్ మందు. జబ్బుకు వైద్యుడు చూచి కొద్ది రోజులకు ఇచ్చినప్పుడు అది మంచి మందే. తెల్లబడడానికి నెలలతరబడి రాస్తే అదే విషము.

ఇది ఒక ఊరి కథ కాదు. మన దేశములో 12 వైద్యకేంద్రాలలో ముఖచర్మపు బాధలతో వచ్చిన 2926 మందిని పరిశీలించి 2011లో ప్రకటించిన లెక్క ఉన్నది. అందులో 433 మంది, అనగా నూటికి సుమారు 15 మంది, ముఖానికి స్టెరాయిడ్ పూత రాస్తున్నవారే. 2018లో కేంద్ర ప్రభుత్వము ఇటువంటి పూతలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని కట్టుదిట్టము చేసింది. అయినా అడిగినవారికి దొరకడము మానలేదని అందరికీ తెలిసినదే.

ఇంకొక రకము, పేరూ ఊరూ సరిగా లేని తెల్లబరచే క్రీములు. కొన్నిటిలో పాదరసము ఉంటుంది. కేరళలో మలప్పురము జిల్లాలో అటువంటి క్రీములు రాసుకున్నవారికి మూత్రపిండాల జబ్బు వచ్చిన సంగతి 2023లో బయటపడింది. ముఖానికి రాసినది మూత్రపిండము దాకా పోయింది.

మన వైపు ఇళ్ళలో ఒక ఇబ్బంది కూడా ఉన్నది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రములో చేరిన నాటినుంచి మన పిల్లలు చాలామంది తమిళములో చదువుకుంటున్నారు. అవ్వలు తెలుగే చదువగలరు. మందు ట్యూబు మీద అక్షరాలు మాత్రము ఇంగ్లీషులో, చీమ తలకాయంత ఉంటవి. అందుచేత ఇంట్లో చదువుకున్న పిల్లవాని చేత ఆ అక్షరాలు చదివించండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్, ఫ్లూఓసినోలోన్, ఈ పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. అదే ట్యూబులో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా కలిసి ఉంటే అది మూడు మందుల కూర్పు. వైద్యుడు గడువు పెట్టి ఇవ్వవలసినదేగాని షాపులో కొనుక్కునేది కాదు. ఇప్పటికే నెలలుగా రాస్తున్నవారు ఒక్కసారిగా మానివేయక వైద్యుని చూచి మెల్లగా మానవలె.

ఈ ట్యూబుకూ రాపిడి వైద్యానికీ సంబంధమేమి అంటే, అలా పలుచబడిన ముఖము మీద మెషీను పెడితే చర్మము చీరుకుపోతుంది. ముఖము బాగులేదని మెషీను దగ్గరికి పోయేవారిలో ఈ ట్యూబు రాసినవారే కొందరుంటారు. కనుక ఏ క్రీము ఎన్నాళ్ళు రాసినదీ మొదటి రోజే చెప్పవలె. ట్యూబును చేతపట్టుకొని పోవడము మేలు.

చేయించుకొనేముందు

మొదట జబ్బేమిటో తేల్చుకోవలె. తిరువళ్ళూరులో 2022లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్యకళాశాల, చెన్నైలో రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, స్టాన్లీ ఆసుపత్రి, వేలూరులో క్రైస్తవ వైద్యకళాశాల, తిరుపతిలో రుయా ఆసుపత్రి మనకు అందుబాటులో ఉన్న పెద్ద చోట్లు. చర్మవైద్యుని ఒకసారి చూచి, ఇది మెషీనుతో మెరుగుపడేదా కాదా అని అడిగిన తరువాతనే మిగతా మాట. ఎక్కడ చేయించుకున్నా ఈ ప్రశ్నలు సంకోచము లేకుండా అడగండి.

1. చూచేవారు చర్మవ్యాధులలో ఎం.డి., డి.ఎన్.బి. లేక డిప్లొమా చదివినవారా? మెడికల్ కౌన్సిల్ రిజిస్టరు నంబరు ఉన్నదా?

2. మొన ప్రతి మనిషికీ కొత్తదా, లేక సరిగా శుద్ధి చేసినదా? ఒకరి ముఖము మీద నడిచినది అలాగే మరొకరి మీద నడవరాదు.

3. పలుకులు చిమ్మే మెషీను అయితే కళ్ళకు కాపు పెడతారా?

4. ఎన్నిసార్లు, మొత్తమెంత, ఎంతవరకు మెరుగు? “మచ్చ లేకుండా చేస్తాము, రంగు మారుస్తాము” అని హామీ ఇచ్చేచోటనుంచి లేచి రావడము మంచిది.

5. ముందుగా చెవి వెనుకనో దవడ పక్కనో కొంచెము చేసి చూస్తారా? మన రంగు చర్మము ఎలా తీసుకుంటుందో దానివల్ల తెలుస్తుంది.

పెళ్ళికి పదిరోజుల ముందు మొదలుపెట్టేది కాదిది. రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టి, చివరిసారి పెళ్ళికి కనీసము వారము ముందే ముగించవలె. చేయించుకొనే ముందు కొన్ని రోజులు ముఖము మీద వ్యాక్సింగు, త్రెడింగు మానవలె. రెటినాల్, ట్రెటినాయిన్ పూతలుంటే ఎప్పుడు ఆపవలెనో వైద్యుడు చెబుతాడు.

తరువాత, రోజూ

చేసిన తరువాత ఒకటి రెండు రోజులు చల్లని నీళ్ళతో మెల్లగా కడిగి, వాసన లేని తడి క్రీము రాస్తే చాలును. నిమ్మరసము, పసుపు, పౌడరు ఏదీ వద్దు. ఎండలోకి పోయేటప్పుడు ముప్పై ఎస్.పి.ఎఫ్. ఉన్న సన్‌స్క్రీను, గొడుగు రెండూ వాడవలె. బయట పని ఉంటే రెండు గంటలకొకసారి మరల రాయవలె. ఈ జాగ్రత్త లేకపోతే తీసిన పొట్టు కింద కొత్త చర్మము ముందుకన్న నల్లబడుతుంది; డబ్బూ పోయి మచ్చా మిగులుతుంది. మంగు ఉన్నవారికి ఇనుప ఆక్సైడు కలిపిన రంగు సన్‌స్క్రీను మేలు, కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది గనుక.

మెషీను దగ్గరికి పోనివారికి కూడా ఈ ఎండ జాగ్రత్తే సగము వైద్యము. మొటిమలను గిల్లరాదు, గిల్లినదే గుంట అవుతుంది. వారానికి ఒకసారి మెత్తని పెసరపిండితో వేళ్ళ కొనలతో తేలికగా నలుగు పెట్టుకోవచ్చును. చీము మొటిమలున్నప్పుడు అదీ వద్దు. ఉప్పు, చక్కెర, నురుగురాయి ముఖానికి తగవు. నిమ్మతొక్క రుద్దుకొని ఎండలోకి పోతే బొబ్బలు, నల్లమరకలు పడతవి. మగ్గము పని ఇళ్ళలో రంగులు కలిపేవారు అదే చేతితో ముఖము తుడుచుకోరాదు. కొన్ని రంగులు పడక దురద, మరకలు తెస్తవి.

చివరగా ఒక మాట. మచ్చ వేరు, రంగు వేరు. మచ్చకు వైద్యమున్నది, గరుకుకు వైద్యమున్నది. చామనఛాయ జబ్బు కాదు గనుక దానికి వైద్యము లేదు, అవసరమూ లేదు. ఎండ కాచే ఈ నేలమీద ఆ రంగే మన చర్మానికి గొడుగు. పేరుమోసిన ఒక క్రీము 1975లో ‘ఫెయిర్’ అన్న మాటతో వచ్చి, 2020లో ఆ మాటను పేరులోనుంచి తీసివేసింది. అమ్మేవారే మాట మార్చుకున్నప్పుడు, సంబంధాలు మాట్లాడే మనమూ మార్చుకోవచ్చును. పిల్ల రంగు అడిగే పెళ్ళిచూపులవారికి బదులుగా పిల్ల చేతికి ట్యూబు ఇవ్వడము తల్లిదండ్రులు చేయవలసిన పని కాదు. ఈ నెల ఒక్క పని చేయండి: ఇంట్లో అద్దము వద్ద ఉన్న ట్యూబులన్నీ తీసి, పేర్లు చదివించి, పైన చెప్పిన పేరేదైనా కనిపిస్తే దానిని పట్టుకొని వైద్యుని వద్దకు వెళ్ళండి. మెషీను సంగతి ఆ తరువాత చూచుకోవచ్చును.